భూమిలోకి ఎక్కించే మందు

ఊళ్లో బోరు నీళ్లు చెడిపోయాయని తెలిసినప్పుడు జనం అడిగే ప్రశ్న ఒకటుంది. బావిలో బ్లీచింగు పొడి చల్లినట్టు బోరులోకి ఏదైనా మందు పోసి, లోపలి నీటినే బాగుచెయ్యలేరా? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. అమెరికాలో, యూరపు దేశాల్లో కొన్ని దశాబ్దాలుగా ఈ పని జరుగుతోంది. కర్మాగారాల కింద, పెట్రోలు ట్యాంకుల కింద, పాత చెత్తగుట్టల కింద చెడిన నీటిలోకి బోర్ల ద్వారా రసాయనాలు ఎక్కించి విషాన్ని అక్కడికక్కడే విరగ్గొడుతున్నారు. కాన్పూరులో తోళ్ల పరిశ్రమకు వాడే రసాయనాల వ్యర్థంతో నోరైయాఖేడా ప్రాంతంలో నీళ్లు చెడిపోతే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తోడ్పాటుతో ఇలాంటి ప్రయోగం చిన్న స్థాయిలో నడిచింది.

పని జరుగుతుందనడానికి రుజువులున్నాయి. అయితే అదే మందు ఎక్కడ పోసినా ఒకేలా పనిచేయదు. ఇసుక నేలలో మేలు చేసింది సున్నపురాతి నేలలో కీడు చేయవచ్చు. పల్నాటి రెంటచింతల లాంటి చోట ఈ తేడాను ముందే లెక్కగట్టాలి.

బావి వేరు, జల వేరు

బ్లీచింగు పొడి బావిలో నిలిచిన నీటి మీద పనిచేస్తుంది. ఆ నీరు కంటికి కనిపిస్తుంది, లోతు కొలవవచ్చు, మోతాదు కట్టవచ్చు. సూక్ష్మజీవుల్ని చంపిన తర్వాత క్లోరిను కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. బావికి ఊరే జల సంగతి అలా ఉండదు. అది రాతి పగుళ్లలో, ఇసుక రేణువుల మధ్య సందుల్లో ఉంటుంది, మెల్లగానో వేగంగానో ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. దానిలో కలిసిన విషం కొంత నీటిలో కరిగి పారుతుంది, కొంత బంకమట్టికి అంటుకుంటుంది, కొంత రాతి లోపలి సన్నని రంధ్రాల్లోకి ఇంకి కూర్చుంటుంది. అందుకే చెడిన నీటిని ఏళ్ల తరబడి తోడి పారబోసినా మళ్లీ మళ్లీ విషం ఊరుతూనే ఉంటుంది. ఈ విసుగులోంచే మందును లోపలికి పంపాలన్న ఆలోచన పుట్టింది.

ఎక్కించే మందులు ప్రధానంగా మూడు రకాలు. మొదటి రకం విషాన్ని ఆక్సీకరణం చేసి విరగ్గొడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు, పొటాషియం పర్మాంగనేటు, పర్సల్ఫేటు, ఓజోను వాయువు ఈ కోవలోవి. పెట్రోలు, డీజిలు, యంత్రాల జిడ్డు కడిగే ద్రావకాల మీద వీటిని వాడతారు. రెండో రకం దానికి ఎదురు దారిలో పోతుంది. ఇనుప పొడి, గంధకపు సమ్మేళనాలు నీటిలో చురుగ్గా తిరిగే ఆరు సంయోజకతల క్రోమియాన్ని, నీటిలో అంతగా కరగని మూడు సంయోజకతల క్రోమియంగా మారుస్తాయి. మూడో రకం సూక్ష్మజీవులకు మేత. మొలాసిస్, ఆల్కహాలు, వంటనూనె లాంటివి లోపలికి పంపితే నేలలో ముందే ఉన్న బాక్టీరియా బలిసి విషాన్ని విరగ్గొడుతుంది.

ఈ మూడింటికీ లొంగనివి కూడా ఉన్నాయి. పల్నాటి మెట్ట ఊళ్లను పీడించే ఫ్లోరైడు వాటిలో ఒకటి. ఫ్లోరిను మూలకం. దాన్ని విరగ్గొట్టడానికి ఏమీ లేదు. పైగా అది రాతిలోంచే ఊరుతుంది కాబట్టి లోపల ఎంత తగ్గించినా రాయి మళ్లీ ఇస్తూనే ఉంటుంది. 1937లో నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయంగా నమోదు చేసిన నాటి నుంచి నేటి వరకు, దానికి విరుగుడు నీరు నేల మీదికి వచ్చాకే జరుగుతోంది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తేర్చే నల్గొండ పద్ధతి అలాంటిదే. బోరులోకి మందు పోసి ఫ్లోరైడు తీసేస్తామని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

ఒక విషం పోతూ ఇంకొకటి

మందు ఎక్కించడంలో అసలు ముప్పు మందు విషమని కాదు. లోపలికి పోయేవాటిలో చాలావరకు పరిమిత మోతాదులో మనిషికి పెద్ద హాని చేయనివే. ముప్పు ఎక్కడంటే, ఆ మందు నేల లోపలి రసాయన సమతుల్యాన్ని కదిపినప్పుడు ఇన్నాళ్లూ రాతికి అంటుకుని ఊరకున్నవి నీటిలోకి దిగుతాయి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో హింక్లీ అనే చిన్న ఊరుంది. అక్కడి సహజవాయు పీడన కేంద్రం 1952 నుంచి 1966 వరకు, తుప్పు పట్టకుండా క్రోమియం కలిపిన చల్లబరిచే నీటిని అడుగు బిగించని గుంటల్లోకి వదిలింది. అది ఊరి బావుల్లోకి చేరింది. బాధితుల దావా 1996లో 33 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. తర్వాతి కాలంలో శుద్ధి కోసం నేలలోకి ఇథనాలు ఎక్కించారు. బాక్టీరియా దాన్ని తిని ఆక్సిజనును ఖర్చు చేసింది, ఆరు సంయోజకతల క్రోమియం మూడుకు దిగి మట్టిలో నిలిచిపోయింది. అనుకున్నది నెరవేరింది. కాని ఆక్సిజను పోయిన నీటిలో మట్టికి అంటుకున్న మాంగనీసు, ఇనుము, ఆర్సెనిక్కు కరగడం మొదలవుతుంది. హింక్లీలోనూ ఇళ్ల బావుల్లో మాంగనీసు మీద ప్రత్యేకంగా నిఘా పెట్టాల్సి వచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 0.3 వరకు సరిపెట్టుకోవచ్చు. ఆర్సెనిక్కు హద్దు 0.01 మిల్లీగ్రామే. క్రోమియం 0.05 కిందికి దిగిందని సంబరపడే రోజునే ఆర్సెనిక్కు 0.01 పైకి ఎక్కితే తాగేవాడికి ఒరిగిందేమీ లేదు.

ఆక్సీకరణం చేసే మందులది ఇంకో తీరు. మూడు సంయోజకతల దశలో నిద్రపోతున్న క్రోమియాన్ని పర్మాంగనేటు ఆరు సంయోజకతల దశకు లేపగలదు. అంటే శుద్ధి కోసం పోసిన మందే కొత్త విషాన్ని తయారు చేస్తుంది. మందు ఖర్చైపోయిన తర్వాత చాలా చోట్ల ఆ క్రోమియం నెలల్లోనో ఏళ్లలోనో మళ్లీ సద్దుమణుగుతుంది. ఆ నెలల్లో ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారన్నదే అంచనా వేసేవారు తేల్చాల్సిన విషయం. పెరాక్సైడు ఇనుముతో కలిసినప్పుడు వేడీ వాయువూ పుడతాయి. పీడనం పెరిగి మందు నేల చీలికల గుండా పైకి చిమ్ముతుంది, లేదా విషపు ఆవిరి ఇళ్ల పునాదుల వైపు నెట్టుకొస్తుంది. పర్సల్ఫేటు విరిగితే ఆమ్లమూ సల్ఫేటూ మిగులుతాయి.

సగంలో ఆగిపోయిన శుద్ధి అన్నిటికన్నా చెడ్డది. మూడు క్లోరిను పరమాణువులున్న ట్రైక్లోరోఎథిలీను అనే ద్రావకాన్ని బాక్టీరియా ఒక్కొక్క క్లోరిను తీసేస్తూ విరగ్గొడుతుంది. చివరిదాకా పోతే మిగిలేది హాని లేని ఎథిలీను. ఒక్క మెట్టు ముందు ఆగితే మిగిలేది వినైల్ క్లోరైడు. అది మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని రూఢిగా తేలిన పదార్థం. ఆ చివరి మెట్టు దిగగల బాక్టీరియా అన్ని నేలల్లోనూ ఉండదు. ఉందో లేదో చూడకుండా మొలాసిస్ పోసినవారు ఊరి నీటిని మొదటికన్నా అధ్వాన్నం చేసినవారవుతారు.

సున్నపురాయి మీద కూర్చున్న ఊరు

గురజాలకూ మాచర్లకూ నడుమ, ఉత్తరాన కృష్ణ పారుతుండగా, రెంటచింతల పల్నాటి సున్నపురాతి పలకల మీద కూర్చుని ఉంది. ఇదే మండలంలోని గోలిలో దొరికిన బౌద్ధ శిల్పాలు, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ జాతి రాతిలోనే. ఇళ్లకు పరిచే నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు, అన్నిటికీ ఆధారం ఈ రాయే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని కర్నూలు శిలా సముదాయంలో చేరుస్తారు. నంద్యాల జిల్లాలో మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు ఏర్పడింది ఆ సముదాయపు సున్నపురాతిలోనే. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలంలోకి దిగినవారికి రాతి లోపల నీరు ఎలా దారి చేసుకుంటుందో విడిగా చెప్పనక్కర్లేదు.

వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడు కలిసి కొద్దిపాటి పులుపు వస్తుంది. ఆ నీరు వేల ఏళ్ల పాటు సున్నపురాతి పగుళ్లను కరిగిస్తూ వెడల్పు చేస్తుంది. ఒక బోరులో వెంట్రుకవాసి పగుళ్లే తగిలితే, దానికి యాభై అడుగుల దూరంలో వేసిన బోరులో చెయ్యి పట్టే సందు తగలవచ్చు. ఇసుక నేలలో నీరు రోజుకు కొన్ని అంగుళాలో, ఒకటి రెండు అడుగులో కదిలితే, సున్నపురాతి సొరంగాల్లో వందల మీటర్లు పోగలదు. లెక్క తప్పితే ఏమవుతుందో కెనడాలోని వాకర్టన్ చూపింది. 2000 మే నెలలో భారీ వానల తర్వాత ఆ ఊరి సున్నపురాతి బావిలోకి పశువుల పేడలోని ఈ-కోలి బాక్టీరియా చేరి ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. తర్వాత రంగు నీళ్లు వదిలి చూసినప్పుడు, కంప్యూటరు నమూనాలు చెప్పిన వేగానికి అనేక రెట్లు వేగంగా నీరు బావులకు చేరుతోందని తేలింది. ఆ నమూనాలు రాతిని ఇసుకలా భావించి కట్టినవి. అక్కడ బావిలోకి చేరింది బాక్టీరియా. మందు ఎక్కించినా అవే దారులు, అదే వేగం.

సున్నపురాయి మందు గుణాన్ని కూడా మారుస్తుంది. పెరాక్సైడు, ఇనుము జోడీ బాగా పనిచేయాలంటే నీరు పుల్లగా ఉండాలి. సున్నపురాయి ఏ ఆమ్లాన్నీ బతకనివ్వదు, కార్బన్ డయాక్సైడు బుడగలు వదులుతూ దాన్ని చంపేస్తుంది. నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేటు మందు చురుకును తానే తినేస్తుంది. అప్పుడు గుత్తేదారు చేసే పని మోతాదు పెంచడం. మోతాదు పెరిగితే వాయువు పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది, విషపు నీరు పగుళ్ల వెంట ఇంకా దూరం నెట్టుకుపోతుంది. పర్మాంగనేటుకు ఈ చిక్కు తక్కువ. దాని ఊదారంగు వల్ల అది ఎంత దూరం పోయిందో కంటికి తెలుస్తుంది కూడా. కాని అది మాంగనీసు మడ్డిని వదిలి సన్నని పగుళ్లను పూడ్చేస్తుంది. పెద్ద సందుల్లో మందు కొట్టుకుపోతుంది, విషం ఇంకి కూర్చున్న సన్నని సందుల్లోకి అసలే చేరదు. అందుకే కొన్నాళ్లు నీరు బాగుపడినట్టు కనిపించి, తర్వాత రాతి లోపలి విషం మళ్లీ ఊరుతుంది. పగుళ్ల రాతిలో జరిగే శుద్ధిలో తరచూ కనిపించే భంగపాటు ఇదే.

ఎండను కూడా లెక్కలో వేయాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతల మాట వస్తే వాతావరణ శాఖ బులెటిన్లలో రెంటచింతల పేరు మొదట్లోనే వినిపిస్తుంది. భూగర్భ జలం వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఈ పద్ధతులు పుట్టిన చలి దేశాల్లో అది 10 నుంచి 15 డిగ్రీలు, తెలుగు నేల మీద దానికి దాదాపు రెట్టింపు. పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. అక్కడ నెల రోజులు నిలిచే మందు ఇక్కడ పది రోజుల్లోనే అయిపోవచ్చు. బాక్టీరియా ఇక్కడ వేగంగా పెరగడం మేలే, కాని అది ఆక్సిజనును కూడా అంతే వేగంగా తినేస్తుంది. విదేశీ పుస్తకంలోని మోతాదు పట్టికను ఇక్కడికి నేరుగా తెచ్చి వాడకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆ పైన నాగార్జునసాగరు కుడి కాలువ. కాలువకు నీళ్లు వదిలిన నెలల్లో ఆయకట్టు కింద జలమట్టం లేస్తుంది, వేసవిలో మోటార్లన్నీ ఒకేసారి తోడితే పడిపోతుంది. మట్టం మారితే నీరు పారే దిక్కే మారవచ్చు. ఉత్తరాన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ ఆనకట్ట వెనుక నిలిచిన కృష్ణ నీరు కూడా ఆ ఒడ్డు వెంబడి జలమట్టాన్ని ప్రభావితం చేస్తుంది. మార్చిలో ఒక్కసారి కొలిచి గీసిన దిక్కు అక్టోబరుకు చెల్లదు.

ముప్పును లెక్కగట్టే తీరు

మిరప చేలో మందు కొట్టే రైతు పంపు భుజాన వేసుకునే ముందు నాలుగు సంగతులు చూస్తాడు. ఏ పురుగు పట్టింది, గాలి ఎటు వీస్తోంది, పక్క చేలో ఏముంది, కోతకు ఎన్ని రోజులుంది. భూగర్భంలోకి మందు ఎక్కించేవారు వేయాల్సిన ప్రశ్నలూ ఈ నాలుగే. ఏ విషం ఎంత ఉంది, నీరు ఎటు పారుతోంది, ఆ దారిలో ఎవరి బోరు ఉంది, మందూ దాని అవశేషాలూ ఎన్నాళ్లు ఉంటాయి. రైతుకు గాలి ఒంటికి తగులుతుంది. నేల కింద ఏదీ కనిపించదు కాబట్టి ప్రతి ప్రశ్నకూ కొలిచి జవాబు తేవాలి.

మొదటి పని బోర్ల జాబితా. నీరు, భూమి, చెట్లకు సంబంధించిన వాల్టా చట్టం 2002 ప్రకారం బావులు, బోర్లు నమోదు కావాలి. కాని జల పడక వదిలేసిన బోర్లు, కేసింగు పీకేసిన బోర్లు, పొలం గట్టున రాయి మూత పెట్టిన బోర్లు ఏ దస్త్రంలోనూ ఉండవు. అవి మందుకు దొడ్డిదారులు. పీడనంతో ఎక్కించిన మందు అలాంటి బోరు గుండా ఒక రాతిపొర నుంచి ఇంకో పొరకు దిగుతుంది, లేదా పొలంలోకి ఉబికి వస్తుంది. ఈ జాబితా కట్టడం ఊరి పెద్దలకూ బోరు మేస్త్రీలకూ తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. వారిని కూర్చోబెట్టి మాట్లాడకుండా వేసిన పటం అసంపూర్ణమే.

తర్వాత నీటి పరీక్షలు. చెడిన పదార్థం ఒక్కటే చూస్తే చాలదు. మందు లేపగల ప్రతి దాన్నీ, మాంగనీసు, ఆర్సెనిక్కు, క్రోమియం, సల్ఫేటు, నైట్రేటు, అన్నిటినీ మందు వేయకముందే కాలువ పారే రోజుల్లోనూ ఎండిన రోజుల్లోనూ కొలిచి పెట్టుకోవాలి. ఈ తొలి లెక్క లేకపోతే రేపు ఏదైనా పెరిగినప్పుడు అది మందు వల్ల పెరిగిందో, అంతకుముందే ఉందో తేల్చలేరు. బాధితుడి నోరు కట్టేయడానికి ఆ లోటు ఒక్కటే చాలు.

మూడోది ప్రయోగశాల పని. ఆ ఊరి రాయి ముక్కలు, ఆ ఊరి నీరు సీసాల్లో తీసుకుని, ఆ ఊరి నీటి వేడిలోనే మందు కలిపి వారాల తరబడి చూడాలి. మందులో ఎంత భాగం రాయే తినేస్తోంది, ఏ లోహం నీటిలోకి దిగుతోంది, ఎంత వాయువు పుడుతోంది అన్నది ఇక్కడే తేలుతుంది. దీనికయ్యే ఖర్చు అసలు పని ఖర్చులో చిన్న భాగం. దీన్ని తప్పించుకోవాలనుకునే గుత్తేదారును మొదటే పక్కన పెట్టాలి.

సున్నపురాతి నేలలో రంగు పరీక్ష తప్పనిసరి. హాని లేని రంగునో ఉప్పునో మందు ఎక్కించబోయే బోరులో వదిలి, చుట్టుపక్కల బోర్లలో, వాగుల్లో, ఊటల్లో అది ఎప్పుడు ఎక్కడ తేలుతుందో గంట గంటకూ చూడాలి. రంగు రెండు రోజుల్లో ఊరి తాగునీటి బోరుకు చేరితే ఆ చోట మందు ఎక్కించడం అన్న మాటే ఎత్తకూడదు. చేరకపోయినా వెంటనే సరేననకూడదు. తోడకం ఎక్కువున్న వేసవిలో ఇంకోసారి చూడాలి.

ఇవన్నీ దాటాకే చిన్న ప్రయోగం. ఒకటి రెండు బోర్లలో తక్కువ పీడనంతో కొద్ది మోతాదు ఎక్కించాలి. చుట్టూ పరిశీలన బోర్లు ఉండాలి. ఏ పదార్థం ఏ హద్దు దాటితే పని ఆపేయాలో ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఆపిన తర్వాత పైకి తోడి శుభ్రం చేసే ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. మందు అయిపోయాక కనీసం రెండు మూడేళ్లు పరీక్షలు సాగాలి. రాతి లోపలి విషం మళ్లీ ఊరడం మొదటి ఆరు నెలల్లో కనిపించకపోవచ్చు.

వీటన్నిటితో పాటు తూచాల్సింది ఇంకొకటుంది. ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ముప్పే. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల వ్యర్థాలు నక్కవాగు వెంట పారి బావులను చెరిచిన ఉదంతం 1990లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్కు ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. 2009 నాటి అధ్యయనంలో చుట్టుపక్కల ఊళ్ల బావి నీటిలోనూ ఔషధాల జాడ తేలింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోని రాణిపేటలో మూతపడిన క్రోమేటు కర్మాగారం లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని బహిరంగంగా వదిలేసింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ రెండు చోట్లా విషం ఎటు కదులుతుందో నమూనాలు కట్టి చూపారు. అలాంటి చోట్ల ఎక్కించే మందు ముప్పును, ఎక్కించకపోతే వచ్చే ముప్పును పక్కపక్కన పెట్టి తూచాలి. విషపు మూలాన్ని తవ్వి తీసేయడం, నీటిని పైకి తోడి శుద్ధి చేయడం, ఊరికి వేరే నీరు తేవడం అనే మూడు మార్గాలను కూడా అదే త్రాసులో వేయాలి. రెంటచింతల లాంటి సున్నపురాతి నేలలో, కాలువ నీరు అందుబాటులో ఉన్నచోట, తూకం చాలావరకు ఈ మూడు మార్గాల వైపే మొగ్గుతుంది. మందు ఎక్కించడం అక్కడ చివరి మార్గం కావాలి.

కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తొలి విచారణ జరపాలి, శుద్ధి ఖర్చు కాలుష్యం చేసినవారే భరించాలి. ఊరి నీటికి రంగో వాసనో మారితే పంచాయతీ తీర్మానంతో కలెక్టరుకు రాసి ఆ జాబితాలో చేర్చమని అడగాలి. ఆ తర్వాత ఎవరైనా మందు ఎక్కించే పథకంతో వస్తే తొలి నీటి పరీక్షల లెక్క, రంగు పరీక్ష ఫలితం, పని ఆపేసే హద్దుల కాగితం, పని సాగినన్నాళ్లూ ఊరికి వేరే తాగునీరు ఇస్తామన్న రాతపూర్వక హామీ గ్రామసభ ముందు పెట్టమనాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గ్రామసభ ఆ పథకానికి ఒప్పుకోకూడదు.